ఒకే బొమ్మకి రెండు చందాలు

పోయిన రమ్జాన్‌కి పది రోజుల ముందు ఒక తలనూనె కంపెనీ తరఫున ఒక కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. మాటతీరు చాలా తమీజ్‌గా ఉంది. "సార్, మీరు రాసేవి మనోళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా చదువుతారు. మా నూనె గురించి నాలుగు మంచి మాటలు రాయండి. అమ్ముడైన ప్రతి సీసాకీ రెండు రూపాయలు మీ ఊరి యతీంఖానాకి ఇస్తాం. మీకు పైసలిస్తామంటే తీసుకోరని తెలుసు, అందుకే అడగడం లేదు. సవాబ్ మీకు, సహాయం పిల్లలకి" అన్నాడు.

రెండు రోజులు ఆగమన్నాను. ఆ సాయంత్రం అసర్ తర్వాత యతీంఖానాకి వెళ్ళి నాజిమ్ సాబ్‌ని కలిశాను. ఆయన ముందు బియ్యం దుకాణం బాకీ కాగితం పెట్టుకుని కూర్చుని ఉన్నారు. విషయం చెప్పి, "వాళ్ళ నీయత్ మీద నాకు షక్‌గా ఉంది. పిల్లల పేరు చెప్పి నూనె అమ్ముకుంటారేమో" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, కాగితం నా వైపు జరిపి, "చావల్ వాలా నీయత్ నై పూఛ్తా సాబ్, పైసే పూఛ్తా" అన్నారు. బియ్యం వాడు నీయత్ అడగడు, పైసలు అడుగుతాడు. నా దగ్గర జవాబు లేదు.

నాకేదైనా తేలకపోతే తారీఖ్ తిరగేసే ఆదత్ ఉంది. తిజారత్‌నీ ఖైరాత్‌నీ ఒక తాటికి కట్టే ఈ పని ఎప్పుడు మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు అని వెతికితే, దారి నన్ను న్యూయార్క్ సముద్రంలో నిలబడిన ఆజాదీ బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మనం స్కూలు పుస్తకాల్లో స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ అని చదువుకున్న బొమ్మే. దాని కోసం అమెరికా జనం దగ్గర రెండుసార్లు పెద్ద ఎత్తున చందా వసూలు చేశారు. ఒకసారి 1885లో, ఇంకోసారి 1983లో. రెండుసార్లూ అడిగింది వ్యాపారం చేసుకునేవాళ్ళే. రెండుసార్లూ అడిగినవాళ్ళకి ఫాయిదా దక్కింది. అయినా ఆ రెండు చందాలూ ఒకటి కావు. ఎందుకు కావో చెప్పడానికే ఈ వ్యాసం.

కిస్సా మొదలయ్యేది మాత్రం అమెరికాలో కాదు, మిస్ర్‌లో. మనం ఈజిప్టు అంటున్న దేశంలో. బొమ్మని తయారుచేసిన ఫ్రెంచి శిల్పి బర్తోల్ది కుర్రతనంలో మిస్ర్ వెళ్ళి అక్కడి పెద్ద పెద్ద రాతి విగ్రహాలు చూసి హైరాన్ అయిపోయాడు. 1869లో సూయజ్ కాలువ తెరవబోతున్న రోజుల్లో ఖదీవ్ ఇస్మాయిల్ పాషా ముందు ఒక నమూనా పెట్టాడు. రైతు కుటుంబపు మిస్రీ స్త్రీ, ఒంటినిండా బట్ట కప్పుకుని, చేతిలో దీపం ఎత్తి పట్టుకుని కాలువ ముఖద్వారంలో నిలబడుతుంది. ఓడలకి దీపస్తంభంగా కూడా పనికొస్తుంది. ఆసియాకి వెలుగు తెచ్చే మిస్ర్ అని దాని భావం. ఖదీవ్‌కి అంత ఖర్చు పెట్టే తాకత్ లేకపోయింది. అప్పులు ఎంత పెరిగాయంటే 1875లో కాలువలో తన వాటాలనే ఆయన బ్రిటిష్ వాళ్ళకి అమ్ముకోవాల్సి వచ్చింది. బర్తోల్ది తన దీపం పట్టుకుని అమెరికా వైపు తిరిగాడు. రెండు బొమ్మలకీ సంబంధం లేదని తర్వాత ఆయన అన్నాడు కానీ, దీపం ఎత్తిన ఆ చెయ్యి రెండు నమూనాల్లోనూ కనిపిస్తుంది.

ఫ్రాన్సు, అమెరికా మధ్య ఒప్పందం ఏమిటంటే, బొమ్మ ఖర్చు ఫ్రెంచి జనం పెట్టుకోవాలి, అది నిలబడే పీఠం అమెరికా జనం కట్టాలి. ఫ్రాన్సులో ఊళ్ళూ స్కూలు పిల్లలూ చందాలిచ్చారు, లాటరీ కూడా నడిపారు. 1884కి పారిస్‌లో బొమ్మ తయారైంది. అమెరికాలో పీఠం మాత్రం సగంలో ఆగింది. అమీర్ లోగ్ జేబులు తెరవలేదు. న్యూయార్క్ రాష్ట్రం 50,000 డాలర్లు మంజూరు చేస్తే గవర్నర్ గ్రోవర్ క్లీవ్‌లాండ్ అడ్డం కొట్టాడు. అమెరికా పార్లమెంటు కూడా పైసలివ్వలేదు. ఇంకా లక్ష డాలర్లు తక్కువ పడ్డాయి.

అప్పుడే ఒక కంపెనీ ముందుకొచ్చింది. కాస్టోరియా అనే పిల్లల మందు అమ్మేవాళ్ళు 25,000 డాలర్లు ఇస్తామన్నారు. షర్తు ఒక్కటే: ఒక ఏడాది పాటు పీఠం మీద తమ మందు పేరు పెద్ద అక్షరాలతో రాయనివ్వాలి. అది జరగలేదు. ఆలోచించండి, కావలసిన దాంట్లో పావు వంతు ఒక్క దెబ్బతో వచ్చేసేది. ఆ రోజుల్లో ఆ కమిటీలో మా నాజిమ్ సాబ్ లాంటి మనిషి ఒకరు ఉండి ఉంటే ఏమనేవారో నాకు తెలుసు.

అంతకు ముందు ఏడాది, 1883లో, పీఠం చందా కోసం ఒక నుమాయిష్, వేలం పెట్టారు. దానికి షాయర్లనీ రచయితలనీ ఏదైనా రాసివ్వమని అడిగారు. ఎమ్మా లాజరస్ అనే యూదు షాయరాని కూడా అడిగారు. ఫర్మాయిష్ మీద రాయడం తన వల్ల కాదని ఆమె మొదట ఇన్కార్ చేసింది. రష్యాలో జుల్మ్ భరించలేక పారిపోయి వచ్చిన యూదుల మధ్య ఆమె అప్పటికే పనిచేస్తోంది. చందా కోసం తిరుగుతున్న కాన్‌స్టన్స్ క్యారీ హారిసన్ అనే రచయిత్రి, ఓడ దిగి ఈ బొమ్మని చూసే ఆ ముహాజిర్ల గురించి ఒకసారి ఆలోచించమంది. ఆ మాటతో ఎమ్మా కలం కదిలింది. ఆమె రాసిన 'న్యూ కొలోసస్' అనే చిన్న నజ్మ్‌లో చందా ఊసు లేదు, పీఠం ఊసు లేదు, నిలువనీడ లేని మనుషులున్నారు. 1886లో బొమ్మ ఆవిష్కరణ నాడు దాన్ని ఎవరూ తలుచుకోలేదు. 1887లో ఆమె చనిపోయింది. 1903లో ఒక స్నేహితురాలి పట్టుదల వల్ల ఆ నజ్మ్ కంచు పలక మీదికి ఎక్కి పీఠంలోకి చేరింది. ఆ రోజు నూనె కంపెనీ కుర్రాడి ఫోన్ పెట్టేశాక నాకు ముందుగా గుర్తొచ్చింది ఆమే. ఫర్మాయిష్ రావడం తప్పు కాదు. ఆమె ఎవరి కోసం రాసిందన్నదే చూడాలి.

ఇక మొదటి చందా సంగతి. జోసెఫ్ పులిట్జర్ హంగరీ నుంచి వలస వచ్చిన మనిషి. 1883లో 'న్యూయార్క్ వరల్డ్' అనే అఖ్బార్‌ని కొన్నాడు. 1885 మార్చిలో తన అఖ్బార్‌లో పిలుపునిచ్చాడు. ఈ బొమ్మ ఫ్రాన్సు అమీర్లు అమెరికా అమీర్లకి ఇచ్చిన తోఫా కాదు, ఆ దేశపు మామూలు జనం ఈ దేశపు మామూలు జనానికి ఇచ్చింది, కాబట్టి లక్షాధికారుల కోసం ఎదురుచూడకుండా మనమే ఇద్దాం అని రాశాడు. దాంతో పాటు ఒక వాదా చేశాడు: ఎంత చిన్న మొత్తం ఇచ్చినా సరే, ఇచ్చిన ప్రతి మనిషి పేరూ అఖ్బార్‌లో అచ్చు వేస్తాను.

ఖతులు రావడం మొదలైంది. అయోవాలో చిన్నపిల్లల బడి నుంచి ఒక డాలరు 35 సెంట్లు వచ్చాయి. తన సొంత ఖర్చులు మానుకుని ఒక అమ్మాయి 60 సెంట్లు పంపింది. ఒంటరిగా బతుకుతున్న ఒక ముసలామె ఒక డాలరు పంపింది. పేర్లతో పాటు ఆ ఖతులు కూడా అచ్చయ్యేవి, ఎంత జమా అయిందో అంకె కూడా అచ్చయ్యేది. జూన్‌లో బొమ్మ ముక్కలు ముక్కలుగా 214 పెట్టెల్లో ఓడ ఎక్కి న్యూయార్క్ చేరింది. ఆగస్టు 11న 'వరల్డ్' ప్రకటించింది: 1,02,000 డాలర్లు వచ్చాయి, ఇచ్చినవాళ్ళు 1,20,000 మంది. మొత్తంలో 80 శాతం ఒక డాలరు కన్నా తక్కువ ఇచ్చినవాళ్ళ నుంచి వచ్చిందే. మరుసటి ఏడాది, 1886 అక్టోబర్ 28న, బొమ్మ మీది తెర తొలగించారు.

పులిట్జర్‌ని వలీ అనుకోకండి. తన పేరు అచ్చులో చూసుకోవాలంటే అఖ్బార్ కొనాల్సిందే. పక్కింటివాళ్ళకి చూపించాలంటే ఇంకొకటి కొనాలి. ఈ చందా నడిచిన రోజుల్లో ఆయన అఖ్బార్ అమ్మకాలు జోరుగా పెరిగాయి. అది ఆయనకి ముందే తెలియదని అనుకోవడానికి నేను అంత అమాయకుణ్ణి కాను. కానీ ఆ చందాలో రెండు సంగతులు సాఫ్‌గా ఉన్నాయి. ఇచ్చిన సెంటు ఇచ్చినవాడి జేబులోదే, దానికి ఒక వస్తువు కొనాల్సిన షర్తు లేదు. రెండోది, హిసాబు అందరి ముందూ ఉంది.

ఇప్పుడు దాదాపు వందేళ్ళు ముందుకి రండి. సముద్రపు గాలికి బొమ్మ లోపలి ఇనుము తుప్పు పట్టింది, దీపంలోకి వాన నీళ్ళు దిగుతున్నాయి. 1982లో ప్రెసిడెంట్ రీగన్ మరమ్మతు చందా పనిని లీ అయకోకా చేతిలో పెట్టాడు. ఆయన క్రిస్లర్ కార్ల కంపెనీ పెద్ద, ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళ కొడుకు. సర్కారు ఖజానా నుంచి కాకుండా జనం దగ్గరా కంపెనీల దగ్గరా వసూలు చేయాలని ఖరారు చేశారు.

అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అనే క్రెడిట్ కార్డు కంపెనీ 1983 ఆఖరి మూడు నెలలకి ఒక పథకం తెచ్చింది. దాని వెనక ఉన్న అధికారి జెర్రీ వెల్ష్. కార్డు వాడి ఏదైనా కొన్న ప్రతిసారీ ఒక సెంటు బొమ్మకి. కొత్తగా కార్డు తీసుకుంటే ఒక డాలరు బొమ్మకి. 1981లో శాన్ ఫ్రాన్సిస్కోలో కళల ఉత్సవం కోసం ఇలాంటిదే చిన్నగా చేసి చూశారు. ఈసారి దేశమంతా. టీవీలో, రేడియోలో, అఖ్బార్లలో ఇష్తిహార్లు మోగిపోయాయి. మొత్తం మీద బొమ్మకి 17 లక్షల డాలర్లు అందాయి. ఆ మొత్తం కన్నా ఆ మంచిపని గురించి చాటుకోవడానికి కంపెనీ పెట్టిన ఖర్చే ఎక్కువ. అది కూడా ఘాటేమీ కాలేదు. కార్డు వాడకం అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 28 శాతం పెరిగింది, కొత్త కార్డుల దరఖాస్తులు 45 శాతం పెరిగాయి.

కంపెనీ ఈ పనికి ఒక పేరు కూడా పెట్టింది: కాజ్ రిలేటెడ్ మార్కెటింగ్. అంటే ఒక మంచి మక్సద్‌తో ముడివేసిన అమ్మకం. ఇది ఖైరాత్ అని వాళ్ళు దబాయించలేదు. ఆ సొమ్ము కంపెనీ దానధర్మాల ఖాతాలోంచి కాక అమ్మకాల ఖాతాలోంచే తీశారు. 1988లో అమెరికాలో పనిచేస్తున్న ఇద్దరు భారతీయ ప్రొఫెసర్లు, పి. రాజన్ వరదరాజన్, అనిల్ మీనన్, దీని మీద రాసిన వ్యాసాన్ని ఈనాటికీ మార్కెటింగ్ చదివే పిల్లలు చదువుతున్నారు. వాళ్ళిచ్చిన నిర్వచనం సారాంశం ఇది: కొనేవాడు కొంటేనే, ఆ కొనడం వల్ల కంపెనీకి రాబడి వస్తేనే, ఫలానా మంచిపనికి ఫలానా మొత్తం ఇస్తామనే వాదా. ఆ "కొంటేనే" అన్న మాట దగ్గరే రెండు చందాల దారులు వేరయ్యాయి.

హిసాబు మీరే వేసి చూడండి. కార్డు మీద ఐదు డాలర్ల అన్నం తిన్నా ఒక సెంటే, ఐదొందల డాలర్ల కోటు కొన్నా ఒక సెంటే. ఒక్క డాలరు చేరాలంటే కార్డు వందసార్లు వాడాలి. 1885లో అరవై సెంట్లు పంపిన అమ్మాయి తనేదో వదులుకుంది. 1983లో కార్డు గీసినవాడు ఏమీ వదులుకోలేదు, పైగా ఇంకో వస్తువు ఇంటికి తెచ్చుకున్నాడు, ఇంటికి వచ్చాక మంచిపని చేశానని తసల్లీ కూడా పడ్డాడు. ఆ తసల్లీయే ఈ తిజారత్‌లో అసలు సరుకు. అలాగని 17 లక్షల డాలర్లు అబద్ధం కాదు. తుప్పు వదిలింది, ఇనుము మారింది, 1986 జులైలో బొమ్మ మళ్ళీ జనం ముందుకొచ్చింది. ఇనుము కూడా నీయత్ అడగదు. నాజిమ్ సాబ్ మాట అక్కడ కూడా నిజమే.

దాని తర్వాత ఈ పద్ధతి దునియా అంతా పాకింది. ఒక ప్యాకెట్ కొంటే ఒక టీకా, ఒక జత బూట్లు కొంటే గరీబు పిల్లాడికి ఇంకో జత, సబ్బు కొంటే బడికి సాయం. వీటిలో నిజంగా మేలు చేసినవి ఉన్నాయి. నమ్మకం జారినవీ ఉన్నాయి. 1999లో అమెరికాలో యోప్లే అనే పెరుగు కంపెనీ డబ్బా మూత పంపితే ఒక్కొక్కదానికి 50 సెంట్లు రొమ్ము క్యాన్సర్ పరిశోధనకి ఇస్తామంది. జనం 94 లక్షల మూతలు కడిగి, కవర్లో పెట్టి, తమ ఖర్చుతో టపాలో పంపారు. లెక్క ప్రకారం 47 లక్షల డాలర్లు కావాలి. కానీ కంపెనీ ముందే లక్ష డాలర్ల హద్దు పెట్టుకుంది. జార్జియా రాష్ట్ర అధికారులు నిలదీశాక ఆ రాష్ట్రం నుంచి వచ్చిన మూతల కిందికి ఇంకో 63,000 డాలర్లు ఇచ్చారు. ఆ మూతలు పంపిన వాళ్ళలో ఆ జబ్బుతో తల్లినో చెల్లినో పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారో! హద్దు సంగతి మొదట్లోనే పెద్ద అక్షరాలతో చెప్పి ఉంటే వాళ్ళు ఆ మూతలకి పెట్టిన టపా ఖర్చు నేరుగా ఆసుపత్రికి పంపి ఉండేవాళ్ళు కదా.

రాసేవాళ్ళ సంగతికి వస్తాను, ఎందుకంటే నా ఇమ్తిహాన్ అక్కడే ఉంది. టీవీలో ఇష్తిహార్ వస్తే అది ఇష్తిహార్ అని చూసేవాడికి తెలుసు. ఇంట్లో మనిషిలా నమ్మే రచయిత చెబితే అది సలహా అనిపిస్తుంది. కంపెనీలకి కావలసింది సరిగ్గా ఆ భరోసానే. అందుకే 2009లో అమెరికా సర్కారు, ఒక వస్తువుని మెచ్చుకుంటూ రాసేవాళ్ళు కంపెనీ నుంచి పైసలు గానీ వస్తువు గానీ తీసుకుంటే ఆ మాట చెప్పి తీరాలని నియమం తెచ్చింది. మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల శాఖ 2023లో అలాంటి మార్గదర్శకాలే ఇచ్చాయి.

మన దేశంలో ఇంకో కానూన్ కూడా తెలుసుకోవాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గడచిన మూడేళ్ళ సగటు లాభంలో కనీసం రెండు శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. 2021లో ఆ నియమాలని సవరించినప్పుడు, తమ సరుకుకి పేరు రావడం కోసం స్పాన్సర్ చేసే పనులు ఈ ఖాతాలోకి రావని సాఫ్‌గా రాశారు. అంటే ఖైరాత్ వేరు, ఇష్తిహార్ వేరు అని సర్కారే గీత గీసింది. ఇష్తిహార్ జాయిజ్ కాదని కాదు. ఇష్తిహార్‌ని ఖైరాత్ ఖాతాలో రాయొద్దని.

రెండు రోజుల తర్వాత ఆ కుర్రాడు మళ్ళీ ఫోన్ చేశాడు. అప్పటికి నా దగ్గర మూడు సవాళ్ళు తయారుగా ఉన్నాయి. మొత్తం ఎంత ఇస్తారు? దానికి హద్దు ఏమైనా ఉందా? సీసాలు అమ్ముడు పోకపోతే ఏమిటి? కనుక్కుని చెబుతానన్నాడు. నిజంగానే కనుక్కుని చెప్పాడు, ఆ మాట అతని ఇజ్జత్ కోసం చెప్పాలి. మా ఊరి యతీంఖానా పేరు మీద యాభై వేలు పక్కన పెట్టారట. తక్కువ అమ్ముడైనా అంతే, ఎక్కువ అమ్ముడైనా అంతే.

"అయితే నేను రాస్తే పిల్లలకి ఒక్క రూపాయి పెరుగుతుందా బేటా?" అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. "పెరగదు సార్" అన్నాడు.

"రాయకపోతే తగ్గుతుందా?"

"తగ్గదు సార్."

"మరి నేను రాసేది పిల్లల కోసం కాదు, నూనె కోసం. నూనె గురించి నాకు తెలిసింది ఏమీ లేదు" అన్నాను. అతను ఏమీ అనుకోలేదు. నవ్వి, రమ్జాన్ ముబారక్ చెప్పి పెట్టేశాడు.

ఈ రోజుల్లో ఇలాంటి వాదాలు మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరుగుతున్నాయి, రమ్జాన్ నెలలో మరీ ఎక్కువ. మీ ఇంట్లో పిల్లలు ఎవరైనా "ఇది కొంటే గరీబులకి వెళ్తుందట అమ్మీ" అని అడిగితే కొనొద్దని అనకండి. ఆ వస్తువు మీకు ఎలాగూ కావాలంటే కొనండి. కాకపోతే ఆ మూడు సవాళ్ళు వాళ్ళకి నేర్పండి. జవాబు దొరికితే మంచిది. దొరకకపోతే ఆ పైసలు నేరుగా ఇచ్చి రసీదు తీసుకోమనండి.

ఈద్ అయిన వారానికి చెక్కు వచ్చింది. నాజిమ్ సాబ్ నన్ను పిలిచి చూపించారు. అన్న మాట ప్రకారం యాభై వేలు. బియ్యం బాకీలో సగం పైనే తీరింది. "చూశారా, మీరు రాయకపోయినా వచ్చింది" అన్నారు. రాసి ఉన్నా అంతే వచ్చేదని చెప్పి, పులిట్జర్ కిస్సా, మూతల కిస్సా మొత్తం వినిపించాను. చాయ్ తాగుతూ ఓపికగా విన్నారు. కప్పు కింద పెట్టి, "బాగుంది సాబ్. కంపెనీని మూడు సవాళ్ళు అడిగారు. నాదొకటే సవాల్. మిగిలిన బాకీకి మీరు ఎంత ఇస్తున్నారు?" అన్నారు.

రెండు రోజులు ఆగమనడానికి ఈసారి నాకు బహానా దొరకలేదు. రసీదు బుక్కు తెమ్మన్నాను. నా పేరు, అంకె అందులో ఉన్నాయి. దాని మీదా కిందా ఇచ్చినవాళ్ళ పేర్లు ఉన్నాయి, పది రూపాయలు ఇచ్చిన సోడాబండి అబ్బాయి పేరుతో సహా. ఆ బుక్కు యతీంఖానా అల్మారీలోనే ఉంటుంది. ఎవరు అడిగినా నాజిమ్ సాబ్ చూపిస్తారు.